ఊపిరితిత్తుల అర్బుదము – కణములోని కావలి జన్యువులు

(బేతంచెర్లలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సంవత్సరపు మహాసభలో ఏదేని యొక శాస్త్రవిషయమును గూర్చి ప్రసంగింపవలెనని కార్యదర్శిగారు కోరినపుడు మేము కొంత సంకోచించితిమి. మేము ముప్పదియైదు సంవత్సరములు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవారము గాని వైద్యులము కాము. అయినను ఊపిరితిత్తుల క్యాన్సరును గూర్చియు, అది పుట్టకుండ అడ్డుపడు జన్యువులను గూర్చియు మాటలాడుటకు నిశ్చయించుకొంటిమి. అందులకు కారణము మా యింటిలోనే యున్నది. దానిని మొదటనే విన్నవించుట న్యాయము.

మా పెదతండ్రిగారి కుమారుడు మాకన్న నాలుగేండ్లు పెద్దవాడు. ఈ యూరి నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలలో పనిచేసి బిడ్డలను పెంచెను. పదునాఱవ యేట బీడీ పట్టెను. ఏబదియెనిమిదవ యేట ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించెను. డాక్టరు వ్యాధి పేరు చెప్పిన దినమున ఇంటివారందఱును మా మొగము చూచిరి. చదువుకొన్నవారము మేమే గదా! మేమిచ్చిన సలహా యిది: “నెమ్ము చేసినదని చెప్పుడు. క్యాన్సరను మాట గడప దాటనీయకుడు. ఇంట పెండ్లికెదిగిన బిడ్డ యున్నది.”

అన్న పోయిన మఱుసటి యేట ఆ బిడ్డకు సంబంధము కుదిరినది. తాంబూలములకు వారము దినముల ముందు వరునివారికి నిజము తెలిసినది. “వంశములో క్యాన్సరున్నది, పైగా దాచిరి” అని వారు మానుకొనిరి. వారును మనవారే. వారిని నిందించుటకు మేమిచట నిలువలేదు. వారి భయమే మాకును ఉండెను గనుకనే దాచుమని చెప్పితిమి. నాడు వారింటికి పోయి, మీ భయము నిజమో కాదో ఇదిగో యని చెప్పుటకు మాయొద్ద తెలివి లేకపోయినది. తరువాత తెలిసికొన్నదానిని నేడు మీ ముందుంచుచున్నాము. ఆ బిడ్డ యనుమతితోనే యీ కథ చెప్పుచున్నాము.

వంశదోషమను మాట నిజమా? దీనికి సమాధానము కావలెనన్న మొదట ఈ వ్యాధి యెట్లు పుట్టునో తెలియవలెను.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. మన పెద్దలు రాచపుండనిరి. సుశ్రుతుడు తన సంహితయందు గ్రంథిని, అర్బుదమును వేఱువేఱుగా వివరించెను. ఒక యర్బుదము పుట్టినచోటనే మఱియొకటి పుట్టినచో దానిని అధ్యర్బుదమనెను. గ్రీకులు పీత యను నర్థముగల మాటతో దీనిని పిలిచిరి. ఆంగ్లమునందలి క్యాన్సరను మాటకును లాటినులో పీత యనియే యర్థము. మన కర్కటశబ్దము వానికి చుట్టమే. పేరు పూర్వులు పెట్టిరి గాని, శరీరములోని యే వ్యవస్థ తప్పుటచే నిది పుట్టుచున్నదో గడచిన యేబదియేండ్ల పరిశోధనము చేతనే తేటపడినది.

మన సీమలో చెఱువు క్రింద సాగుచేయు గ్రామములందు నీరుగంటి యనువాడుండుట పెద్దలెఱుగుదురు. ఏ మడికి ఎంత నీరు కావలెనో అంత విడిచి, చాలినంతనే తూము మూయుట అతని పని. నీరందక పైరెండుట కీడే. అదుపులేక పాఱి కట్ట తెగుట అంతకన్న కీడు. శరీరములోను ఇట్టి యేర్పాటు కలదు. శ్వాసనాళముల లోపొర అరిగినచోట క్రొత్త కణములు పుట్టవలెను. ఒక కణము రెండుగా చీలుట తూము తెఱచుట వంటిది. “పుట్టుడు” అని చెప్పు జన్యువులు కొన్ని కలవు. “చాలును, ఆగుడు” అని చెప్పు జన్యువులు కొన్ని కలవు. ఈ రెండవ తెగవానినే శాస్త్రజ్ఞులు అర్బుదనిరోధక జన్యువులందురు. మనము వానిని కణములోని నీరుగంటివారని తలంచుకొన్నచో విషయము సులభముగా బోధపడును.

ఊపిరితిత్తుల విషయమున ముఖ్యమైన నాలుగింటిని పేర్కొందుము. మొదటిది ఆర్‌బి. ఇది తూము పలక వంటిది. మూసియున్నంతవఱకు కణము చీలుటకు ఆరంభింపదు. రెండవది పి-16. ఇది ఆ పలకను అకాలమున ఎత్తబోవు చేతులను పట్టి ఆపును. మూడవది ఎల్‌కెబి-1. చెఱువులో నీరెంత యున్నదో చూచినట్లు ఇది కణములో శక్తి యెంత యున్నదో చూచి, కొఱత కలిగినపుడు పెరుగుదలను తగ్గించును. నాలుగవది పి-53. ఇది వీనిలో పెద్దది. కట్ట పొడుగున తిరిగి గండ్లు చూచువానివలె కణములోని జన్యులిపి యెచట చెడినదో తెలియుచునే చీలుట నాపించి, బాగుచేయుటకు వ్యవధి నిచ్చును. బాగుపడదని తేలినచో ఆ కణము తనంతట తాను నశించునట్లు చేయును. ఒక కణము పోవుట శరీరమునకు లెక్కలోనిది కాదు. చెడిన కణము బ్రదికి వంశము పెంచుటయే యాపద.

ఈ పి-53 చరిత్రయందొక వింత కలదు. 1979లో దీనిని కనుగొనిరి. తరువాత పదేండ్లు ఇది అర్బుదమును పెంచునదేయని పండితులు తలంచిరి. వారు పరీక్షించుచు వచ్చినవి తఱచుగా చెడిపోయిన ప్రతులు. తాళపత్రమునందలి లేఖకదోషమును కవి దోషముగా నెంచినట్లయినది. 1989లో దీని నిజస్వభావము వెల్లడియైనది. ఊపిరితిత్తుల క్యాన్సరులో ఇది తఱచుగా చెడియుండునని ఆ యేడే ప్రకటించిరి. చిన్నకణముల క్యాన్సరను తీవ్రమైన జాతిలో ఆర్‌బి, పి-53 రెండును దాదాపు ప్రతి రోగియందును నశించియుండునని నేడు తెలియును. మిగిలిన జాతులలో రమారమి సగముమందియందు పి-53 చెడియుండును.

“పుట్టుడు” అని చెప్పు జన్యువుల కథలో ఒక తెలుగువాని పేరు కలదు. ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు 1982లో అమెరికాలో తోటివారితో కలిసి, రాస్ అను జన్యువులో ఒక్క యక్షరము మాఱినంతనే అది కణమును అర్బుదమార్గమున నడపునని చూపిరి. ఆ యేడే ఇతరులును అదే ఫలితమును ప్రకటించిరి. త్వష్ట చేసిన యజ్ఞములో ఒక్క స్వరము తప్పుటచే ఇంద్రుని చంపవలసినవాడు ఇంద్రునిచేత చచ్చిన కథను మేము తరగతిలో ఎన్నిమాఱులో చెప్పితిమి. అక్షరదోషమునకు ఫలమెట్టిదో జన్యులిపియందును అట్లే కనబడుచున్నది.

ఇక వంశమను ప్రశ్నకు వత్తము. ప్రతి కణములోను ప్రతి జన్యువునకు సామాన్యముగా రెండు ప్రతులు కలవు. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. రాస్ వంటిదానిలో ఒక ప్రతి చెడినను కీడు కలుగును. కావలి జన్యువుల సంగతి వేఱు. ఇద్దఱు నీరుగంటివారిలో ఒకడు పడిపోయినను రెండవవాడు తూము కాచును. సామాన్యముగా ఇరువురును పోయినగాని కావలి తప్పదు. ఈ సూత్రమును 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ అను అమెరికా వైద్యుడు ప్రతిపాదించెను. పసిబిడ్డల కంటిలో వచ్చు ఒక యర్బుదమును 48 మందియందు పరిశీలించి, ఆయన ఇట్లు తర్కించెను: కొందఱు బిడ్డలు ఒక ప్రతి చెడియే పుట్టుదురు, వారికి రెండవ దెబ్బ యొకటి చాలును, గనుక వ్యాధి శీఘ్రముగాను తఱచుగా రెండు కన్నులలోను వచ్చును. తక్కినవారు రెండు ప్రతులు మంచివిగానే పుట్టుదురు. ఒకే కణములో రెండు దెబ్బలును తగులవలెను, గనుక వ్యాధి ఆలస్యముగాను ఒక్క కంటిలోను వచ్చును. ఆ కంటివ్యాధికి మూలమైన జన్యువు 1986లో దొరకినది. పైన జెప్పిన ఆర్‌బి యదియే.

ఊపిరితిత్తుల క్యాన్సరు చాలవఱకు రెండవ తీరునకు చెందినది. రోగి పుట్టినపుడు రెండు ప్రతులును మంచివే. దెబ్బలు రెండును జీవితకాలముననే, ఆ ఊపిరితిత్తులలోనే తగిలినవి. ఊపిరితిత్తి కణములో జరిగిన మార్పు బీజములోనికి పోదు. బీజములోనికి పోనిది బిడ్డకు రాదు. రాళ్లు మోసి తండ్రి చేతులు కాయలు కాచినను కుమారుడు మెత్తని చేతులతోనే పుట్టును గదా!

ఆ దెబ్బ కొట్టునదేది? పొగాకు కాలినపుడు బెంజోపైరీన్ అను పదార్థము పుట్టును. దానిని వెడలగొట్టబోయి శరీరమే దానిని మఱింత తీక్ష్ణమైన రూపమునకు మార్చును. ఆ రూపము జన్యులిపియందలి కొన్ని యక్షరములకు అంటుకొని, ప్రతి వ్రాయునపుడు తప్పు పడునట్లు చేయును. 1996లో శాస్త్రజ్ఞులు ఆరోగ్యముగల కణములకు ఈ పదార్థమును తగిలించి, పి-53 జన్యువులో అది యెచటెచట అంటుకొనునో చూచిరి. 157, 248, 273 అను సంఖ్యలుగల స్థానములలో మిక్కిలిగా అంటుకొనెను. ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులయందు పి-53 తఱచుగా చెడియుండు స్థానములును అవియే. దొంగ వేలిముద్ర దొరకినట్లయినది. దినమునకు ఒక పెట్టె సిగరెట్లు కాల్చువాని ఊపిరితిత్తుల ప్రతి కణములోను సంవత్సరమునకు రమారమి 150 అక్షరదోషములు చేరునని 2016లో లెక్కగట్టిరి. వానిలో అనేకము హాని చేయవు. అందు ఒకటి రెండు కావలి జన్యువులమీద పడినచో సరిపోవును. నలువదియేండ్లు కాల్చిన మా యన్న విషయమై మీరే లెక్కించుకొనుడు.

మన తెలుగునాటనే మఱియొక సాక్ష్యము కలదు. శ్రీకాకుళపు ప్రాంతమున స్త్రీలు చుట్ట కాలు కొనను నోటిలో పెట్టుకొని పీల్చుటను అడ్డపొగ యందురు. పిండ్‌బర్గ్ అను డేనిష్ పండితుడు మన దేశపు వైద్యులతో కలిసి ఆ జిల్లాలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి 1971లో ఫలితములు ప్రకటించెను. నిప్పు సోకు అంగిటియందు మచ్చలును అర్బుదములును అడ్డపొగ త్రాగువారియందు కనబడెను. ఇతరులకు అంగిటిలో అర్బుదము పుట్టుట అరుదు. వ్యాధి నిప్పును పొగను వెన్నంటి వచ్చినది.

మేమొక పక్షమునే చెప్పితిమని మీరనుకొనరాదు. పుట్టుకతోనే పి-53 ఒక ప్రతి చెడియుండు కుటుంబములు లోకమున కలవు. 1969లో లీ, ఫ్రౌమెని యను నిరువురు వైద్యులు అట్టివానిని మొదట వర్ణించిరి. అవి బహు స్వల్పము. అట్టి యింట ఎముకలు, రొమ్ము, మెదడు మొదలయిన పలు తావులలో చిన్నవయసుననే వేఱువేఱు అర్బుదములు పుట్టుచుండును. రక్తసంబంధుల కీ వ్యాధి వచ్చినవారికి సామాన్యులకన్న కొంత యెక్కువ యపాయము కలదనుటయు నిజమే. అందులో కొంత పాలు ఒకే యింటి పొగను పీల్చుటచే కలిగినది. ఏబదియెనిమిదేండ్ల బీడీకాఱునికి వచ్చిన ఊపిరితిత్తుల క్యాన్సరును జూచి, బీడీ ముట్టని అతని కూతురిని దోషిగా నెంచుటకు ఇందేదియు ఆధారము కాదు.

పొగ త్రాగనివారికి రాదనుటయు తప్పే. మన దేశమున ఎన్నడును పొగ త్రాగని స్త్రీలు పలువురు ఈ వ్యాధికి లోనగుచున్నారు. వారిలో తఱచుగా కనబడునది ఇజిఎఫ్‌ఆర్ అను వేఱొక జన్యువులోని మార్పు. వంటచెఱకు పొగ, పరుల పొగ, ఊరి గాలి, ఇవియు అపాయకరములే. కనుక రోగిని చూచినంతనే “ఏమి త్రాగెనో” యనుటయు మర్యాద కాదు.

ఈ యూరిలో నిలిచి రాతిదుమ్మును గూర్చి చెప్పకుండ పోరాదు. స్ఫటికరూపమైన సిలికా దుమ్మును పనిచోట పీల్చుట క్యాన్సరుకారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ 1997లో నిర్ణయించినది. మన నాపరాయి ముఖ్యముగా సున్నపురాయి. అందు సిలికా పాలు గనిని బట్టి మాఱును. పలుగురాతిలోను నల్లరాతిలోను అది యెక్కువ. కాని యే రాయి యైనను పొడిగా కోసినపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు మేలు చేయదు. దుమ్మును బీడీయును కలిసినచో కీడు మఱింత పెరుగును. మన పోషకులలో ఫ్యాక్టరీల యజమానులు కలరు. మన సభ్యులలో అచట కూలి చేయువారు కలరు. రంపము తిరుగునంతసేపు నీరు పాఱించుట, ముక్కునకు తగిన మాస్కు నిచ్చుట, ఏటికొకసారి ఛాతీ పరీక్ష చేయించుట యజమానులకు పెద్ద వ్యయము కాదు. ఒకే పంక్తిలో కూర్చుండి భుజించువారము గనుక ఈ మాట చనువుతో చెప్పుచున్నాము.

మందులు రాలేదా యని యడుగుదురు. వచ్చినవి. అతిగా పనిచేయుచున్న జన్యువు నడ్డుట కొంత సులభము. ఇజిఎఫ్‌ఆర్‌కు మాత్రలు ఇరువదియేండ్లకు పైగా కలవు. కె-రాస్ లోని యొక మార్పునకు 2021లో అమెరికాలో మందు నంగీకరించిరి. కావలి జన్యువుల విషయము కష్టము. తెఱచిన తూమును మూయవచ్చును. చచ్చిన నీరుగంటిని లేపుట యెట్లు? పోయిన పి-53ను కణకణమునకు మరల చేర్చుటకు చిరకాలముగా ప్రయత్నములు జరుగుచున్నవి గాని, ఊపిరితిత్తుల క్యాన్సరుకు అది యింకను వాడుక చికిత్స కాలేదు. అందుచేత ఉన్న కావలిని కాపాడుకొనుటయే మేలు.

కాపాడుకొనుటకు కాలము మించిపోలేదు. రిచర్డ్ డాల్ అను పండితుడు ఆంగ్లదేశపు వైద్యులను ఏబదియేండ్లు వెంబడించి 2004లో ప్రకటించిన లెక్క యిది: ముప్పదవ యేట పొగ మానినవాడు పదేండ్ల యాయువును, నలువదవ యేట మానినవాడు తొమ్మిదేండ్లను, ఏబదవ యేట మానినవాడు ఆఱేండ్లను, అఱువదవ యేట మానినవాడు మూడేండ్లను మిగుల్చుకొనును. 2020లో 16 మంది శ్వాసనాళ కణములను పరిశీలించినపుడు, పొగ మానినవారిలో దాదాపు దెబ్బతినని కణములు కాల్చుచున్నవారిలోకన్న నాలుగు రెట్ల వఱకు అధికముగా నుండెను. ఎచటనో దాగి బ్రదికిన మంచి కణములు, పొగ యాగినంతనే ఆ తావును మరల నింపుచున్నట్లున్నది. మేమును ఇరువదియేండ్లు చుట్ట కాల్చినవారమే. అన్నను సాగనంపి వచ్చిన దినమున మానితిమి. అప్పటికి మాకు ఏబదినాలుగేండ్లు.

ఇక దాచుటను గూర్చి. మూడు వారములు దాటిన దగ్గు, కఫములో రక్తము, కారణము లేక బరువు తగ్గుట కనబడినచో పరీక్ష చేయించుకొనవలెను. మన ప్రాంతమున క్షయయని మందులు వాడుచు నెలలు గడుపుట తఱచు. కఫపరీక్షలో క్షయ కనబడక, మందులతో గుణము కలుగనిచో క్యాన్సరును గూర్చి విచారింపవలెను. మేము “నెమ్ము” అని చెప్పించిన దినములలో అన్న పెద్ద యాసుపత్రికి పోవుటకు జంకెను. ఎవరైన చూచెదరను భయము. ఆ జంకు మావలన కలిగినది.

సంఘము ముందు మూడు ప్రార్థన లుంచుచున్నాము. మొదటిది: మన పెండ్లిండ్లలోను దినకర్మలలోను తాంబూలపు పళ్లెరముతో పాటు బీడీ సిగరెట్ల పళ్లెరము త్రిప్పు నాచారమును ఈ యేటినుండి మానుదము. రెండవది: రాతిపనివారి రక్షణమును గూర్చి యజమానులు, పనివారు కలిసి యొక యుపసంఘముగా నేర్పడుదురు గాక. మూడవది: సంబంధములు చూచునపుడు తండ్రికో తాతకో ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చినదను నొక్క కారణముచే ఏ బిడ్డనును కాదనకుందము, వ్యాధి వచ్చినవారును దానిని దాచకుందురు గాక.

ఆ బిడ్డకు మూడేండ్ల తరువాత మఱియొక సంబంధము వచ్చినది. పెద్దలము నోరు తెఱవకమునుపే ఆమెయే లేచి, “మా నాయన క్యాన్సరుతో పోయెను, నలువదియేండ్లు బీడీ త్రాగెను” అని వచ్చినవారితో చెప్పినది. వారు కొంతసేపు మాటలాడుకొని, తాంబూలములకు దినము నిశ్చయింపుడనిరి. మేమప్పటికే చాల పుస్తకములు చదివియుంటిమి గాని, ఆ ధైర్యము మాకు రాలేదు. నేడామె పుట్టింటికి వచ్చియున్నది. ఈ సభలోనే కూర్చున్నది.